మంగాయమ్మ మద్దిచెట్లు

మంగాయమ్మకి చెట్లంటే ఎంత ప్రేమో అని ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ప్రేమా లేదు, గీమా లేదు. ఆవిడ చెట్లు పెంచింది తోటికోడలి మీద ఏడుపుతో. పచ్చి ఏడుపు. కాలవ గట్టున ఇవాళ అంత నీడ ఉందన్నా, అన్ని పిట్టలున్నాయన్నా, అదంతా ఆ ఏడుపు పుణ్యమే. ఎదురింట్లో కాపురం చేసి కళ్ళారా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

మాది పలివెల. మా వారు కామేశ్వరరావుగారికి ఈ ఊరి బడిలో మేష్టారు ఉద్యోగం వస్తే డెబ్భై ఒకటిలో కాలవ పక్క వీధిలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మేం సామాను సర్దుకుంటూ ఉండగానే ఎదురింట్లో అన్నదమ్ముల పంపకాలు జరిగాయి. అన్న సత్తిరాజు, తమ్ముడు బుచ్చిరాజు. మా వైపు పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు వాటాలు వెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. సత్తిరాజు న్యాయంగానే వేశాడు. ఒక వాటాలో పెద్దిల్లు, దాని పక్క దొడ్డి, దొడ్లో ఒక ముసలి చింతచెట్టు. రెండో వాటాలో చిన్నిల్లు, కాలవ గట్టు దాకా ఉన్న మెరక, దాని నిండా కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు. బుచ్చిరాజు భార్య వైపు చూశాడు. మంగాయమ్మ గుమ్మం చాటు నుంచి కొబ్బరి ఉన్న వాటా వైపు గడ్డం ఎగరేసింది. ఆ చింతచెట్టు సరిగ్గా కాయ కూడా కాసేది కాదు. దాన్ని ఎవరు కోరుకుంటారు?

ఆ మరుసటి ఏడు తొలకరికి ఆ చింతచెట్టు మీద కొంగలు దిగాయి.

మామూలు తెల్లకొంగలు కావు. ముక్కు మధ్యలో సందు ఉండి నోరు పూర్తిగా మూతపడని పెద్ద కొంగలు. చేలల్లో నత్తల్ని ఏరుకు తింటాయి. అవి మా ఊళ్ళో గూళ్ళు పెట్టడం అదే మొదలు. అన్నదమ్ముల తల్లి అచ్చమ్మ పెద్దకొడుకు దగ్గర ఉండేది. ఆవిడ దొడ్లో మంచం మీద పడుకుని పైకి చూసి, "పురిటికొచ్చేయే వీరవేణీ! పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లలే ఇవి. అలా చూస్తా నుంచుంటావేంటి, కాయం దంచు" అని పెద్దకోడల్ని కేకేసింది.

కాయం అంటే బాలింతలకి పెట్టే మందుండ. శొంఠి, పిప్పళ్ళు, వాము, మిరియాలు దంచి బెల్లప్పాకంలో వేసి నెయ్యి పోసి ఉండలు చేస్తారు. వీరవేణి దంచి వీధిలో ఇంటింటికీ పంచింది. అప్పట్నుంచీ ఏటా అదే ఆనవాయితీ అయిపోయింది. కొంగలు గూళ్ళలో కూర్చోవడం, పెద్దింట్లోంచి కాయం వాసన రావడం, వెనకాలే గిన్నె పట్టుకుని వీరవేణి రావడం. మా అత్తగారు చూడకుండా వంటింట్లో నిలబడి తినేదాన్ని నేను. ముక్కులోంచి నీళ్ళు కారేంత ఘాటుగా, ఎంతో బావుండేది.

ఆ గిన్నె అందరికంటే ముందు మంగాయమ్మకి వెళ్ళేది. సొంత తోటికోడలు కదా. మంగాయమ్మ నవ్వుతూ అందుకుని, "ఇప్పుడే అన్నం తిన్నానక్కా, తరవాత తింటాను" అనేది. వీరవేణి అటు తిరగ్గానే దొడ్లోకి వెళ్ళి ఉండ తీసి గేదె నోట్లో పెట్టేది. మా అరుగు మీంచి ఇద్దరి దొడ్లూ కనిపిస్తాయి. "రెట్ట కంపండీ బాబూ, ఆ గోలేంటండీ, మనుషులుండే చోటేనా ఇది" అని నాతో చెప్పుకునేది. గేదె మాత్రం ఏటా వర్షాకాలంలో నిగనిగలాడేది.

రెండేళ్ళు అలా కడుపులో దాచుకుంది. మూడో ఏడు కరణం పట్టాభిరామయ్యగారి అరుగు మీద పంచాయితీ పెట్టించింది.

"పంపకాలప్పుడు ఈ కొంగలు లేవు కదండీ. తరవాత వచ్చినయ్యి ఉమ్మడివే కదండీ" అంది. బుచ్చిరాజు తలెత్తలేదు పాపం.

"అయితే ఏం చెయ్యమంటావమ్మా? కొంగల్ని చెరిసగం చెయ్యమంటావా?"

"ఆయ్. అదవ్వకపోతే చెట్టే చెయ్యండి."

పట్టాభిరామయ్యగారు నవ్వాపుకోడానికి పొడుం పట్టు పీల్చి, "ఎగిరేవాటికి హద్దురాళ్ళు వెయ్యలేనమ్మా. అంతగా కావాలంటే నువ్వూ చెట్లు పెంచుకో. నచ్చితే అవే వస్తాయి" అన్నారు. ఆయన వదిలించుకోడానికి అన్నారు. మంగాయమ్మ దాన్ని తీర్పుగా పట్టుకుని ఇంటికొచ్చింది.

ఊరంతా నవ్వుకుంది. నేనూ నవ్వాను. తరవాత ఓ మధ్యాహ్నం మా పెరట్లో కూర్చుని ఆవిడే చెప్పింది. పాకే వయసులోనే తల్లి పోయిందట. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయ్యాక పురిటికి వెళ్ళడానికి ఆవిడకి పుట్టిల్లంటూ లేకపోయింది. ఇద్దరు పిల్లలూ అత్తవారింట్లోనే పుట్టారు. అప్పుడు కాయం దంచి నోట్లో పెట్టింది వీరవేణే.

"మా అక్క చెయ్యలేదని అన్నానా అండీ? చేసింది. బాగానే చేసింది. పుట్టిల్లున్న మనిషి, పది మందికి పెట్టగలదు. ఇప్పుడా కొంగలక్కూడా పుట్టిల్లు ఆవిడ దొడ్డేనా అండీ? ఒక్క పిట్టకైనా పుట్టిల్లవ్వడానికి నేను పనికిరానా?" అంది.

కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, కోపంగా అంది. నాకు జాలేసింది. ఆ కోపం చూసి కొంచెం భయం కూడా వేసింది.

గోదావరి లంకల ఒడ్డున మద్దిచెట్లు ఉంటాయి. తెల్లటి బెరడు, ఏటి తడిలో వేళ్ళు దించుకుని వాటంతటవే పెరుగుతాయి. కొబ్బరి పెరిగే నేలలో మద్ది నాటినవాణ్ణి కోనసీమలో పిచ్చివాడి కిందే లెక్కేస్తారు. బుచ్చిరాజు పడవ మీద వెళ్ళి మొక్కలు తెచ్చాడు. మంగాయమ్మ గట్టు వెంబడి వరసగా మద్ది నాటించింది, మధ్యమధ్య కానుగా నేరేడూ వేయించింది. నీడ పడకుండా కొన్ని కొబ్బరిచెట్లు కొట్టించేసింది. ఏ కొబ్బరి కోసం ఆ వాటా కోరుకుందో ఆ కొబ్బరే! బుచ్చిరాజు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకి మొక్కంటే కొబ్బరిమొక్క, సేవంటే కొబ్బరికి చేసే సేవ. కొబ్బరికి పాదు తీసి ఉప్పు వేస్తాం కదా, మంగాయమ్మ మద్దికి కూడా వేసింది. అదీ దోసిళ్ళతో. వీరవేణి కంచె మీంచి చూసి, "మద్దికి ఉప్పేంటే, చంపేస్తావా ఏంటి?" అంది. "నా మొక్కలు, నా ఉప్పు" అంది మంగాయమ్మ. సగం మొక్కలు మాడిపోయాయి. బుచ్చిరాజు మళ్ళీ పడవెక్కాడు.

బతికినవి ఏపుగా లేచాయి. అసలు పొరపాటు అప్పుడు మొదలైంది. కొబ్బరి దింపుకి సింహాద్రి వచ్చేవాడు. చెట్టెక్కి కాయలు దింపి, ఎండుమట్టలు కొట్టి, మొవ్వు శుభ్రం చేసి దిగడం అతని పని. "ఆ చేత్తోనే మద్దికి కూడా పక్కకొమ్మలు కొట్టెయ్యి సింహాద్రీ. బలమంతా అవే లాగేస్తన్నాయి. నిటారుగా పోవాలి. ఆ చింతని దాటిపోవాలి" అని పురమాయించింది. సింహాద్రి కొట్టేవాడు. ఏటా కొట్టేవాడు. కొన్నాళ్ళకి కాలవ గట్టున మద్దిచెట్లు ఒంటి మానూ నెత్తిన కుచ్చూ వేసుకుని అచ్చం కొబ్బరిచెట్లలా నిలబడ్డాయి. రామచంద్రపురం నుంచి వచ్చిన మా చుట్టం ఒకాయన, ఇదేం రకం కొబ్బరండీ అని మా వారిని అడిగాడు కూడా.

వీరవేణి ఉండబట్టలేక ఓ రోజు కంచె దగ్గరికొచ్చింది. "ఒసే మంగా, కొమ్మలుంచవే. పక్షి ఎక్కడ కూచుంటుంది? గూడెక్కడ పెడుతుంది?" అంది.

మంగాయమ్మ గబగబా మా అరుగెక్కింది. "విన్నారా అండీ? నా చెట్లు ఆవిడ చింతని దాటేస్తన్నాయని ఓర్చుకోలేకపోతోంది. కొమ్మలుంచితే గిడసబారిపోతాయని ఆవిడ ఎత్తు. నాకు తెలీదనుకుంటోంది."

ఏడ్చేవాళ్ళకి ఎదుటివాళ్ళ మంచిమాటలో కూడా ఏడుపే వినిపిస్తుంది, ఏం చేస్తాం. ఆ ఏడు రెండుసార్లు కొట్టించింది.

కానుగా నేరేడూ మాత్రం కత్తి తప్పించుకున్నాయి. వాటి నిండా ఎర్రచీమలు, సింహాద్రి ఎక్కనన్నాడు. ఇక వాటి మీద చేరని జీవం లేదు. నేరేడుపళ్ళకి కోయిలలు, గోరింకలు. పొద్దువాలితే గబ్బిలాలు. కానుగ పూస్తే కాలవ అవతలికి వినిపించేలా తేనెటీగల రొద. నీళ్ళ మీదికి వంగిన కొమ్మ మీద లకుముకిపిట్ట. గట్టు కింద ముంగిస పిల్లల్ని పెట్టింది. మా వారు బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపించేవారు. నేను అరుగు మీద బియ్యం ఏరుకుంటూ ఎన్ని సాయంత్రాలు మైమరచిపోయానో. ఆ వీధికి అంతకుముందు అంత అందం లేదు.

మంగాయమ్మకి ఇవేవీ ఆనేవి కావు. "వచ్చేయండీ, ఊళ్ళో ఉన్న గోరింకలన్నీ వచ్చేయి. ఇవెవరిక్కావాలి? ఆ కొంగొక్కటీ రాదు" అని వాటిని చేట కొట్టి తోలేది. వానలు పడగానే ఆవిడ దొడ్లో చింతమొక్కలు మొలిచేవి. గింజలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. "ఈవిడ నా నేలక్కూడా వచ్చేస్తందే!" అంటూ కనిపించినదల్లా పీకి కాలవలో పారేసేది.

డెబ్భై తొమ్మిది తొలకరికి చింతచెట్టు మీద చోటు చాలలేదు. ఒక జంట కంచె దాటి మంగాయమ్మ మద్ది మీద వాలింది. మంగాయమ్మ వీధి దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం మా అరుగు మీద నిలబడి చూశాం. కొంగ ఒక పుల్ల తెచ్చి ఆ కుచ్చులో పెట్టింది. జారి కింద పడింది. ఇంకో పుల్ల తెచ్చింది. అదీ పడింది. పొద్దుగూకేదాకా అది తెస్తూనే ఉంది, పుల్లలు పడుతూనే ఉన్నాయి. పట్టుకుని నిలబెట్టడానికి ఒక్క పంగ లేదు ఆ చెట్టుకి. చివరికి రెండూ లేచి కంచె అవతలికి వెళ్ళిపోయి, చింతచెట్టు మీద మిగతావాటి మధ్య ఇరుక్కుని కూర్చున్నాయి.

మంగాయమ్మ మొహం నేను చూడలేకపోయాను. చెట్టు కింద పడిన పుల్లలన్నీ ఏరి ఒళ్ళో వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తరవాత దింపుకి సింహాద్రిని మద్ది జోలికి వెళ్ళనివ్వలేదు. ఎందుకమ్మా అని అడిగాను. "సింహాద్రికి మోకాళ్ళ నొప్పులటండీ. పాపం, ఎందుకు ఎక్కించడం" అంది. ఆ మోకాళ్ళతోనే సింహాద్రి ఆ పూట ఆవిడ కొబ్బరిచెట్లన్నీ ఎక్కి దిగాడు. వీరవేణి చెప్పింది నిజమని ఒప్పుకోవడం కంటే సింహాద్రి మోకాళ్ళు పాడుచెయ్యడం ఆవిడకి తేలికనిపించింది.

మద్దికి కత్తి తప్పగానే నాలుగువైపులా కొమ్మలొచ్చాయి. ఏళ్ళు గడిచే కొద్దీ అవి లావెక్కి గట్టంతా కమ్ముకున్నాయి. ఏటా జ్యేష్ఠమాసం వచ్చేసరికి మంగాయమ్మ శొంఠీ పిప్పళ్ళూ తెప్పించి డబ్బాలో పోసి సిద్ధంగా ఉంచుకునేది. ఏటా కొంగలు ఆవిడ మద్దిచెట్ల మీంచి ఎగిరి వెళ్ళి చింత మీదే వాలేవి. అలవాటైన పుట్టింటిని ఎవరు వదులుకుంటారు? అచ్చమ్మ పోయింది. రెండిళ్ళలోనూ పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయి. వీరవేణి గిన్నె మాత్రం వస్తూనే ఉంది. పాత గేదె పోయి దాని పెయ్య గేదెయ్యింది, అదీ ఉండ తింటూనే ఉంది. "ఆ చింత మీద పిడుగు పడ" అని మంగాయమ్మ ఇప్పుడు పైకే అనేస్తోంది.

పిడుగు పడలేదు. ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి వచ్చింది.

ఆ వరద సంగతి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా అరుగు మునిగింది. అందరం బడి డాబా ఎక్కాం. వీధిలో పశువుల్ని కట్టడానికి నిలబడిన నేల ఒక్క మంగాయమ్మ గట్టే. మద్ది వేళ్ళు మట్టిని పట్టుకుని వదల్లేదు. వీరవేణి గేదెని కూడా అక్కడే కట్టారు. వీరవేణి దొడ్లో మాత్రం నేల నాని గుల్లబారిపోయింది. మేం డాబా మీంచి చూస్తూ ఉండగానే చింతచెట్టు మెల్లగా ఒక పక్కకి ఒరిగి, వేళ్ళతో సహా లేచి నీళ్ళలో పడిపోయింది. గూళ్ళ నిండా ఎగరడం రాని పిల్లలు. పెద్ద కొంగలు ఆ నీళ్ళ మీద తిరిగాయి, తిరిగాయి, వెళ్ళిపోయాయి.

నీళ్ళు తీశాక వీరవేణి పడిపోయిన మాను పక్కన కూర్చుంది. మంగాయమ్మ కంచె ఇవతల నిలబడింది. సంతోషపడుతుందనుకున్నాను. ఆ మొహంలో సంతోషం ఎక్కడుందా అని వెతికాను కూడా. కనిపించలేదు.

"నేనన్న మాట తగిలిందా అండీ?" అని నన్నడిగింది.

"నీ నోటికి జడిసి గోదావరి రాదులే, ఊరుకో" అన్నాను విసుగ్గా.

మరుసటి ఏడు తొలకరికి కొంగలొచ్చాయి. ఖాళీగా ఉన్న వీరవేణి దొడ్డి మీద గుండ్రంగా తిరిగాయి. మంగాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో నిలబడింది. ఒకటి దిగి మద్ది మీద వాలింది. దాని వెనక ఇంకోటి. సాయంత్రానికి గట్టు మీద ఏ మద్ది చూసినా కొంగలే. ఈసారి పెట్టిన పుల్ల పెట్టినచోటే నిలిచింది.

అవి గూళ్ళలో కూర్చున్నాక మంగాయమ్మ కాయం దంచింది. ఎన్నేళ్ళుగానో దంచాలనుకుంటున్న రోకలి, వీధంతా వినిపించేలా దంచింది. పిప్పళ్ళు ఎక్కువయ్యాయి, నాలిక మండిపోయింది. బావుందనే చెప్పాను. మొదటి గిన్నె తీసుకుని తనే పెద్దింటికి వెళ్ళింది. తిరిగి తన ఇంటికి వెళ్ళకుండా మా అరుగెక్కి నా పక్కన కూర్చుంది.

"ఏమంది?" అన్నాను.

"ఇప్పుడే అన్నం తిన్నానే, తరవాత తింటాను అందండీ."

ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి వీరవేణి దొడ్లోకి వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఉండ తీసి గేదె నోట్లో పెట్టింది. గేదె నములుతోంది. వీరవేణి కొంగుతో మొహం తుడుచుకుని, కంచె అవతల కొంగల వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు నూతి దగ్గర నాతో, "వరదకి దారి తప్పి వచ్చేయండీ అవి. మళ్ళీ ఏడు రావు, చూస్తూ ఉండండి. ఏం కంపండీ బాబూ" అంది.

మంగాయమ్మకి కోపం వస్తుందని నేను ఎదురుచూశాను. "మింగుడు పడదండీ అది. ఎంత నెయ్యేసినా మింగుడు పడదు. నాకు తెలుసు" అంది, అంతే. ఆ నాలుగు రోజులూ ఆవిడ పైకి చూసింది తక్కువ. ఇన్నేళ్ళు దేని కోసం అఘోరించిందో అది నెత్తి మీద రెక్కలు కొట్టుకుంటుంటే, ఆవిడ చూపు పోయి పోయి కంచె అవతల చింతచెట్టు లేచిపోయిన గొయ్యి మీదే పడేది. చూసి కుళ్ళుకోడానికి అక్కడ ఏమీ లేదు. ఆవిడకి అదీ నచ్చలేదు.

ఓ పొద్దున్న చూద్దును కదా, మంగాయమ్మ గునపం పట్టుకుని గట్టు మీద వంగి ఉంది. మద్ది వేళ్ళ సందులో ఆవిడ కంట పడకుండా ఒక చింతమొక్క నడుమెత్తు పెరిగింది. పీకి కాలవలో పారేస్తుందనుకున్నాను. మట్టి చెదరకుండా చుట్టూ తవ్వి, గోనెపట్టాలో చుట్టి, చంకనెత్తుకుని తిన్నగా వీరవేణి దొడ్లోకి వెళ్ళింది. నేనూ ఊరుకోలేక వెనకాలే వెళ్ళాను.

"ఏంటే అది?" అంది వీరవేణి.

"నీ చింతే. నా నేల్లో మొలిచింది. నీది నీకిచ్చేస్తన్నాను" అని పాత గొయ్యి పక్కన గునపం దించింది మంగాయమ్మ.

"నాకొద్దు. ఇది చెట్టెప్పుడయ్యేను? దీని మీద కొంగ వాలేసరికి నేనుంటానా?"

మంగాయమ్మ తవ్వడం ఆపలేదు. తలెత్తకుండానే అంది, "ఉండాలి. నువ్వు లేకపోతే నేనెవర్ని చూసి ఏడవనక్కా?"

వీరవేణి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. కాలవ గట్టున కొంగలు ముక్కులు టకటకలాడించుకుంటున్నాయి. వీరవేణి నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా వచ్చి గొయ్యి పక్కన కూర్చుంది. మొక్కని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంకాస్త లోతు తియ్యి. ఉప్పు మాత్రం వెయ్యకు" అంది.